ప్రోస్టేట్ కాన్సర్‌కి హార్మోను ఇంజెక్షను: నొప్పి ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మాది గట్టు మండలంలో ఒక పల్లె. మా నాయనకు 69 ఏండ్లు. సేద్యం చేస్తాడు. ఏడాదిగా నడుము నొప్పి అంటుంటే వయసు నొప్పులే అనుకున్నాం. మొన్న ఎండాకాలంలో ఉన్నట్టుండి మూత్రం బందయింది. కర్నూలు తీసుకుపోతే గొట్టం వేసి, రక్తపరీక్ష, ముక్క పరీక్ష చేసి ప్రోస్టేట్ కాన్సర్ అన్నారు. పి.ఎస్.ఎ. 212 వుందట, ఎముకలకు పాకిందట. వృషణాలు తీసేయాలి, లేదంటే మూడు నెలలకొకసారి ఇంజెక్షను చేయించుకుంటూ పోవాలి అన్నారు. ఆపరేషను మాట ఎత్తగానే మా నాయన "నన్ను ఎద్దును చేస్తారా" అని చిన్నపిల్లవాడి లాగా ఏడ్చినాడు. సరేనని ఇంజెక్షను చేయించాం. వారం తిరగకుండానే నడుము నొప్పి రెండింతలైంది. రాత్రుళ్ళు నిద్ర లేదు. ఆ మందు ఒంటికి పడలేదని చూసినవాళ్ళందరూ అన్నారు. రాయచూరు వైపు ఒకాయన ఇచ్చే వేర్ల కషాయం మొదలుపెట్టాం. ఇరవై రోజుల్లో నొప్పి బాగా తగ్గింది. ఇప్పుడు లేచి పొలం దాకా పోయి వస్తున్నాడు. రెండో ఇంజెక్షను తారీఖు వచ్చే నెలలో వుంది. ఇక అవసరం లేదు కదా? ఇంజెక్షనుకు ముందు నుంచీ మింగమని మాత్రలు కూడా రాసిచ్చారు గానీ, ఇంజెక్షను ఎట్లాగూ చేస్తున్నారు కదా అని అవి కొనలేదు.
— పేరు ప్రకటించవద్దన్న పాఠకుడు

జవాబు: మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యంలోనే వుంది. దాని సంగతి తరవాత చెబుతాను. ముందు అసలు మాట: రెండో ఇంజెక్షను తప్పకుండా చేయించండి. తారీఖు వారం రోజులు కూడా జరపవద్దు. మొదటి వారంలో నొప్పి పెరగడానికి కారణం ఆ మందే. ఇరవై రోజులకు నొప్పి తగ్గడానికి కారణం కూడా ఆ మందే. మధ్యలో వచ్చిన కషాయానికి ఆ పేరు ఊరికే దక్కింది.

ఇంకొక సంగతి. ఈ పత్రిక పక్కన పెట్టి ముందు మీ నాయనగారిని నాలుగు మాటలు అడగండి. కాళ్ళు బరువుగా, పట్టు లేనట్టుగా వున్నాయా? నేల మీద కాలు మోపితే దూది మీద మోపినట్టు వుందా? తొడల దగ్గర, ఆసనం చుట్టూ స్పర్శ తగ్గిందా? మూత్రం గానీ విరేచనం గానీ తెలియకుండా అయిపోతోందా, లేక మళ్ళీ బిగిసిందా? వీటిలో ఏ ఒక్కటి వున్నా వచ్చే నెల తారీఖు కోసం కూర్చోవద్దు. ఆ పూటే బయలుదేరండి. వెన్నుపూసకు పాకిన కణితి లోపలి వెన్నుపామును నొక్కుతున్నదన్న మాట. ఒకటి రెండు రోజుల్లో వైద్యం అందితే నడక నిలుస్తుంది. కాళ్ళు పూర్తిగా పడిపోయాక అందిన వైద్యంతో నడక తిరిగి రావడం అరుదు. లేచి పొలం దాకా పోతున్నాడని రాశారు కనుక ఇప్పటికి ఆ ప్రమాదం లేదనే అనుకుంటున్నాను. అయినా ఈ గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసివుండాలి.

ఇక ఆ మందు ఏం చేస్తుందో చూద్దాం.

ప్రోస్టేట్ మగవాళ్ళకు మాత్రమే వుండే గ్రంథి. మూత్రాశయానికి కింద, మూత్రనాళాన్ని ఉంగరంలా చుట్టుకుని, పెద్ద ఉసిరికాయంత వుంటుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని తయారుచేయడం దాని పని. మీసం, గడ్డం, కండ, గొంతు, కోరిక అన్నిటికీ మూలమైన టెస్టోస్టెరోన్ అనే పురుష హార్మోనే ఈ గ్రంథికి కూడా తిండి. ఆ హార్మోనులో 90 శాతానికి పైగా వృషణాల్లో తయారవుతుంది. మిగతా కొద్దిపాటి భాగానికి మూలం మూత్రపిండాల మీద టోపీలా కూర్చునే ఎడ్రినల్ గ్రంథులు.

ప్రోస్టేట్‌లో పుట్టిన కాన్సర్ కణం ఎముకలోకి పోయినా, ఇంకెక్కడికి పోయినా పుట్టింటి అలవాటు మానదు. అక్కడా దానికి అదే హార్మోను కావాలి. అందుకే ఎముకల దాకా పాకిన జబ్బును కూడా, ఒక్కొక్క కణితినీ వెతికి కోయకుండా, హార్మోను సరఫరా కట్టేసి ఒకేసారి ఎండగట్టవచ్చు. ఈ వైద్యానికంతటికీ కీలకం అదే.

వృషణాలకూ ప్రోస్టేట్‌కూ వున్న ఈ సంబంధాన్ని 18వ శతాబ్దంలోనే లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ జంతువుల్లో గమనించాడు. ఆబోతులో బాగా ఎదిగివుండే ఈ గ్రంథి, విత్తులు కొట్టిన ఎద్దులో చిన్నగా ముడుచుకుపోయి వుంటుందన్నాడు. దాన్ని మనుషుల కాన్సర్‌కు వర్తింపజేయడానికి 1941 దాకా ఆగవలసివచ్చింది. చికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ అనే ఇద్దరు, ఎముకలకు పాకిన ప్రోస్టేట్ కాన్సర్ రోగులకు వృషణాలు తీసేస్తే నొప్పులు తగ్గడం, రక్తంలో జబ్బు గుర్తులు పడిపోవడం చూపించారు. మంచం పట్టినవాళ్ళు లేచి తిరిగారు. ఒక కాన్సర్‌ను కత్తితో కోయకుండా, కిరణాలతో కాల్చకుండా, హార్మోను మార్చి అణచవచ్చునని దీంతో గట్టిగా రుజువైంది. హగిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే కర్నూలు డాక్టరుగారు ముందుగా చెప్పిన ఆపరేషను మోటు పద్ధతీ కాదు, పేదవాళ్ళకు అంటగట్టే పద్ధతీ కాదు. ఇవ్వాళ్టికీ ఫలితంలో అది ఇంజెక్షనుకు ఏమీ తీసిపోదు.

ఆపరేషను ఇష్టం లేనివాళ్ళకు ఆ రోజుల్లో వున్న రెండో దారి స్త్రీ హార్మోను మాత్రలు. స్టిల్‌బెస్ట్రాల్ అనే ఆ మందు చవక, బాగా పనిచేసేది కూడా. కానీ రొమ్ములు పెరిగేవి, రక్తం గడ్డకట్టేది. పెద్ద మోతాదులో వాడినవాళ్ళు కాన్సర్‌ను తప్పించుకుని గుండెజబ్బుతో పోతున్నారని 1960లలో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది. దాంతో ఆ మాత్రలు మూలబడ్డాయి.

మీ నాయనగారికి చేసిన ఇంజెక్షను కథ వేరు. ఇది మొదలయ్యేది వృషణాల దగ్గర కాదు, తలలో. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోటు నుంచి సుమారు గంటన్నర రెండు గంటలకోసారి ఒక చిన్న రసాయనం బొట్టు బొట్టుగా విడుదలవుతుంది. అది పక్కనే వున్న పిట్యూటరీ గ్రంథికి తగిలితే ఆ గ్రంథి ఎల్.హెచ్. అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. ఎల్.హెచ్. వృషణాలకు చేరి టెస్టోస్టెరోన్ తయారుచేయిస్తుంది. మెదడులోని ఆ మొదటి రసాయనం ఏమిటో కనిపెట్టడానికి ఆండ్రూ షాలీ అనే శాస్త్రజ్ఞుడి బృందం లక్షకు పైగా పందుల మెదడు ముక్కలను వడగట్టవలసివచ్చింది. చివరికి 1971లో, అది పది అమైనో ఆమ్లాల గొలుసు అని తేల్చారు. షాలీకీ, ఆయనతో పోటీపడి గొర్రెల మెదళ్ళతో పనిచేసిన రోజర్ గీయెమాఁకూ 1977 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఆ గొలుసులో చిన్న మార్పు చేసి, తొందరగా అరగకుండా ఎక్కువసేపు నిలిచేలా తయారుచేసినవే ల్యూప్రొలైడ్, గోసెరెలిన్, ట్రిప్టోరెలిన్ అనే మందులు. ల్యూప్రొలైడ్‌కు అమెరికాలో 1985లో అనుమతి వచ్చింది. నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు సరిపోయేలా కొంచెం కొంచెంగా ఊరే రకాలు ఇప్పుడు వున్నాయి.

ఇక్కడొక చిక్కుముడి వుంది. ఈ మందులు మెదడు రసాయనానికి శత్రువులు కావు, దానికి నకళ్ళు. అది చేసే పనే ఇవీ చేస్తాయి. మరి హార్మోను పెరగాలి గానీ ఎట్లా తగ్గుతుంది?

బడిగంట సంగతి ఆలోచించండి. గంట పీరియడుకొకసారి మోగితే పిల్లలు పలుకుతారు. అదే గంట పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపకుండా మోగిందనుకోండి. మొదట ఏదో ముంచుకొచ్చిందని అందరూ బయటికి పరుగెత్తుతారు. రెండు రోజులు, మూడు రోజులు అదే వరస అయితే ఇక ఎవరూ తల ఎత్తరు. ఆ తరవాత నిజమైన గంట కొట్టినా కదలరు. పిట్యూటరీ కూడా అంతే. విడతలు విడతలుగా వచ్చే పిలుపుకే అది పలుకుతుంది. ఇంజెక్షను వల్ల ఆ పిలుపు రాత్రీ పగలూ ఆగకుండా వస్తుంటే మొదటి వారం పదిరోజులూ రెచ్చిపోయి ఎల్.హెచ్. కుమ్మరిస్తుంది. వృషణాలు మామూలుకన్నా ఎక్కువ టెస్టోస్టెరోన్ తయారుచేస్తాయి. తరవాత పిట్యూటరీ మొద్దుబారుతుంది. మూడు నాలుగు వారాల్లో టెస్టోస్టెరోన్, వృషణాలు తీసేసినవాళ్ళలో ఎంత వుంటుందో అంతకు పడిపోతుంది. ఆరోగ్యంగా వున్న మగవాడిలో డెసిలీటరు రక్తానికి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాముల దాకా వుండే హార్మోను, 50 లోపుకు దిగుతుంది.

మీ నాయనగారి నొప్పి పెరిగిన వారం, తగ్గిన వారం ఈ లెక్కకు అచ్చంగా సరిపోతున్నాయి, చూడండి. మొదటి వారంలో ఎముకల్లోని కణుతులకు తిండి ఎక్కువైంది, అవి ఉబ్బాయి. మూడో వారానికి తిండి ఆగింది, అణిగాయి. కషాయం ఆ మధ్యలో వచ్చింది.

కొనకుండా వదిలేసిన మాత్రల సంగతి ఇప్పుడు చెబుతాను. అవి బైకాల్యుటమైడ్ వంటి మాత్రలై వుంటాయి. టెస్టోస్టెరోన్ కాన్సర్ కణంలోకి పోయి ఒక తాళం తెరిస్తేనే కణం పెరుగుతుంది. ఈ మాత్ర ఆ తాళం రంధ్రంలో అడ్డుగా కూర్చుంటుంది. ఇంజెక్షనుకు కొన్ని రోజుల ముందు మొదలుపెట్టి, తరవాత కొన్ని వారాలు మింగిస్తే, మొదట్లో హార్మోను ఎంత పొంగినా కణానికి అందదు. అంటే ఆ మాత్రలు ఇంజెక్షనుకు తోడు బలం కాదు, ఇంజెక్షను మొదటి దెబ్బ నుంచి కాపాడే డాలు. వెన్నుపూసలో జబ్బు వున్నవాళ్ళకు ఆ మొదటి పది రోజులే ప్రమాదం. డాక్టరు రాసిన చీటీలో ఖరీదైనది వుంచి చిన్నది కొట్టేయడం మన ఇళ్ళలో పెద్ద అలవాటు. డాక్టర్లు కూడా ఏ మాత్ర ఎందుకో ఒక్క వాక్యం చెప్పి పంపితే ఇన్ని ఇళ్ళల్లో ఇన్ని రాత్రుళ్ళు నిద్ర చెడదు. మీ నాయనగారికి ఆ గండం దాటిపోయింది. కానీ రెండో ఇంజెక్షను మానేసి, ఆరు నెలలకు నొప్పి తిరగబెట్టాక మళ్ళీ మొదలుపెట్టారనుకోండి, పిట్యూటరీ ఈలోగా తేరుకుని వుంటుంది. అదే పొంగు మళ్ళీ వస్తుంది. తారీఖు జరపవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. మీ వైపు సీడు పత్తి ఎక్కువ కదా, క్రాసింగు రోజుల్లో ఇంటిల్లిపాదీ చేలోనే వుంటారని నాకు తెలుసు. ఇంజెక్షను తారీఖు ఆ రోజుల్లో పడితే ఒక మనిషిని ముందుగానే దానికి కేటాయించుకోండి.

ఈ మొదటి పొంగే లేని మందులు కూడా వచ్చాయి. పిట్యూటరీకి పిలుపు చేరకుండా నేరుగా అడ్డుకునే డెగారెలిక్స్ 2008 నుంచి వుంది. మూడు రోజుల్లోనే హార్మోను దించుతుంది, కానీ నెలనెలా చేయించుకోవాలి. అదే పని చేసే రెలుగోలిక్స్ అనే మాత్రకు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. వెన్నులో బాగా జబ్బున్నవాళ్ళకు ఇవి మేలు. మీ నాయనగారు మొదటి మందుకే లొంగారు కనుక మార్చవలసిన అవసరం నాకు కనబడడం లేదు.

ఎద్దును చేస్తారా అన్న మాటకు వస్తాను. నవ్వి తీసిపారేసే మాట కాదది. కోడెల విత్తులు కొట్టడం చిన్నప్పటినుంచీ చూసిన రైతుకు ఈ వైద్యం ఎందుకు పనిచేస్తుందో చదువుకున్నవాళ్ళకన్నా త్వరగా అర్థమవుతుంది, అందుకే అంత భయమూ వేస్తుంది. ఆయనకు నిజం చెప్పండి. ఇంజెక్షనైనా ఆపరేషనైనా కోరిక తగ్గుతుంది, అంగస్తంభన చాలామందిలో పోతుంది. ఇది దాచి వైద్యం చేయించడం తప్పు. అట్లాగని గొంతు ఆడగొంతు కాదు, మీసం రాలిపోదు. నలుగురిలో కూర్చుంటే ఎవరికీ తేడా తెలియదు. ఆపరేషనులో కూడా పై పొర వుంచి లోపలి పదార్థం మాత్రమే తీసే పద్ధతి వుంది, సంచీ ఖాళీగా కనబడదు. చిన్న ఆపరేషను, ఒకసారితో అయిపోతుంది, ఒకటి రెండు రోజుల్లోనే హార్మోను పడిపోతుంది, మొదటి పొంగు వుండదు, తారీఖుల బెడదా వుండదు. ఇంజెక్షనులో వున్న సౌకర్యం, కావాలంటే ఆపవచ్చు. ఎముకలకు పాకిన జబ్బులో ఆ అవసరం ఎక్కువమందికి రాదు. మూడు నెలలకొకసారి బస్సెక్కి రావడం, డబ్బు సర్దడం ఏడాది రెండేళ్ళకు మీకు భారమనిపిస్తే ఆపరేషను మాట మళ్ళీ ఆలోచించండి. నిర్ణయం మాత్రం ఆయనదే కావాలి. మీరూ, మీ బంధువులూ కలిసి ఆయన తరఫున ఒప్పుకోవద్దు.

డబ్బు సంగతి మీరు రాయలేదు గానీ అడుగుతున్నారనే అనుకుంటాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటగా తీసుకున్న మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గట్టు అప్పుడు ఆ జిల్లాలోదే. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని కుటుంబానికి ఏడాదికి పది లక్షలకు పెంచారు. అయితే ఏ ఆసుపత్రిలో ఏ వైద్యం దాని కింద వస్తుందో ముందుగా ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. కర్నూలు ఇప్పుడు పక్క రాష్ట్రం కనుక ఈ మాట మరీ ముఖ్యం. హైదరాబాదులో రెడ్‌హిల్స్ దగ్గర 1955 నుంచీ పనిచేస్తున్న ప్రభుత్వ మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆసుపత్రి వుంది. కాగితాలన్నీ, ముక్క పరీక్ష రిపోర్టుతో సహా, పట్టుకుని అక్కడ ఒకసారి చూపించవచ్చు.

ఈ వైద్యంతో జబ్బు పూర్తిగా పోతుందా అని మీరు తప్పక అడుగుతారు. ఎముకలకు పాకిన జబ్బు పూర్తిగా పోదు. అణిగి వుంటుంది. కొందరిలో ఏడాదిన్నర, రెండేళ్ళు, కొందరిలో చాలా ఏళ్ళు. తరవాత కాన్సర్ కణాలు కొద్దిపాటి హార్మోనుతోనే బతకడం నేర్చుకుంటాయి. కొన్ని తమ హార్మోను తామే తయారుచేసుకుంటాయి. ఒకప్పుడు అక్కడితో మా చేతుల్లో పెద్దగా ఏమీ వుండేది కాదు. ఇప్పుడు వుంది. వృషణాల్లోనూ, ఎడ్రినల్‌లోనూ, కాన్సర్ కణంలోనూ కూడా హార్మోను తయారీని ఆపే అబిరాటెరోన్‌కు 2011లో, తాళం రంధ్రాన్ని మరింత గట్టిగా మూసే ఎంజాలుటమైడ్‌కు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. అబిరాటెరోన్‌ను చివరిదాకా దాచిపెట్టకుండా ఇంజెక్షనుతో పాటు మొదట్లోనే మొదలుపెడితే మనిషి ఎక్కువకాలం బతుకుతాడని 2017లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనలు చూపాయి. మన దేశంలో తయారయ్యే అబిరాటెరోన్ మొదట్లో వున్న ధరకు ఇప్పుడు చాలా తక్కువకు దొరుకుతోంది. ఈసారి వెళ్ళినప్పుడు "మా నాయనకు ఇది పనికివస్తుందా" అని డాక్టరుగారిని మీరే అడగండి. ఒకవేళ రాస్తే, దానితో పాటు రాసే ప్రెడ్నిసలోన్ మాత్రను చిన్నదే కదా అని మళ్ళీ వదిలేయవద్దు. రక్తపోటు పెరగకుండా, పొటాషియం పడిపోకుండా కాపాడేది అదే. అబిరాటెరోన్ పరగడుపున మింగాలి. అన్నం తిన్నాక మింగితే రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా ఎక్కుతుంది.

ఈ జబ్బు గొప్పవాళ్ళకూ వస్తుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ఎముకలకు పాకిన ప్రోస్టేట్ కాన్సర్ వుందని 2025 మే నెలలో ప్రకటించారు. హార్మోనుకు లొంగే రకమేనని కూడా ఆ ప్రకటనలో వుంది.

కషాయం గురించి ఒక్క మాట. వేర్లలో ఏముందో తెలియకుండా దాన్ని తిట్టను. కానీ అమెరికాలో పి.సి.స్పెస్ అనే మూలికల మందు ఒకటి ప్రోస్టేట్ కాన్సర్‌కు బాగా అమ్ముడుపోయింది, పి.ఎస్.ఎ. నిజంగానే దించింది. పరీక్షిస్తే దాంట్లో మూలికలతో పాటు పైన చెప్పిన స్టిల్‌బెస్ట్రాల్, రక్తం పలచన చేసే మందు బయటపడ్డాయి. 2002లో దాన్ని మార్కెట్టు నుంచి తీసేశారు. కనుక కషాయం ఆపేయడమే మంచిది. ఆపలేకపోతే కనీసం డాక్టరుకు దాచకండి. అది పనిచేసిందో ఇంజెక్షను పనిచేసిందో మీకు పందెం వేయాలనిపిస్తే దారి వుంది. రెండో ఇంజెక్షనుకు ముందు పి.ఎస్.ఎ.తో పాటు టెస్టోస్టెరోన్ పరీక్ష కూడా చేయించండి. 50 లోపుంటే ఏది పనిచేసిందో కాగితమే చెబుతుంది.

మిగతా పాఠకుల కోసం ఒక సంగతి చేర్చాలి. ముసలివాళ్ళ నడుము నొప్పిని వయసు మీదికి తోసేయడం అన్ని చోట్లా వుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా వున్న ఊళ్ళలో దాన్ని ఫ్లోరైడ్ మీదికి కూడా తోస్తారు. ఫ్లోరోసిస్‌లోనూ, ఎముకలకు పాకిన ప్రోస్టేట్ కాన్సర్‌లోనూ ఎక్స్‌రేలో ఎముక మామూలుకన్నా తెల్లగా, చిక్కగా కనబడుతుంది. రెండూ ఒకదాన్ని ఒకటి పోలి వుండి తికమకపెడతాయి. 60 దాటిన మగవాడికి నెలల తరబడి తగ్గని నడుము నొప్పి, రాత్రిపూట ఎక్కువయ్యే నొప్పి వుంటే, దానికి తోడు మూత్రం ధార సన్నబడితే ఒక్క పి.ఎస్.ఎ. పరీక్ష చేయించడానికి సంకోచించవద్దు.

ప్రశ్న: మావారికి 72 ఏళ్ళు. ఇదే ఇంజెక్షను ఏడాదిగా చేయిస్తున్నాం. జబ్బు అదుపులో వుందన్నారు. కానీ ఆయన మనిషి మారిపోయారు. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు, చెమటలు. నీరసం. ఊరికే విసుక్కుంటారు, ఒక్కోసారి ఒంటరిగా కూర్చుని కంటనీరు పెట్టుకుంటారు. పొట్ట పెరిగింది, చేతులు చిక్కాయి. మొన్న వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు రాస్తున్నాను.
— ఒక గృహిణి, వనపర్తి

జవాబు: అమ్మా, నెలసరి ఆగిన రోజుల్లో మీకు వచ్చిన సెగలు గుర్తున్నాయా? మీవారికి వస్తున్నవి అవే. హార్మోను ఒక్కసారిగా పడిపోతే మగవాళ్ళకైనా అంతే. ఆయన విసుగు, కన్నీరు కూడా చాలావరకు అందులోంచి వచ్చేవే. మీ మీద కోపం కాదు. ఈ ముక్క ఆయనకు కూడా చదివి వినిపించండి. తనకు మతి చెడుతోందని లోలోపల భయపడుతూ వుండవచ్చు. సెగలు మరీ బాధిస్తే తగ్గించే మందులున్నాయి, డాక్టరును అడగండి. దిగులు వారాల తరబడి పట్టి, అన్నం, నిద్ర మానేస్తే దానికీ వైద్యం చేయించాలి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఆ విరిగిన మణికట్టు. టెస్టోస్టెరోన్ లేకపోతే ఎముక ఏటేటా పలచబడుతుంది. ఎముక గట్టిదనం కొలిచే డెక్సా పరీక్ష చేయించండి. విటమిన్ డి, కాల్షియం డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి. అవసరమైతే ఎముకను నిలిపే ఇంజెక్షన్లు రాస్తారు. అవి మొదలుపెట్టే ముందు పుచ్చుపళ్ళేమైనా వుంటే పళ్ళ డాక్టరుకు చూపించి తీయించేయాలి. ఆ మందు ఒంట్లో వుండగా పన్ను పీకిస్తే దవడ ఎముక మానక ఇబ్బందిపెట్టవచ్చు. తిండిలో రాగి సంకటి, రాగి జావ పెట్టండి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంటుంది, జొన్నల్లో అందులో పదోవంతు కూడా వుండదు. రొట్టె మానమనడం లేదు, పక్కన పెరుగు చేర్చండి.

పొట్టకూ, చిక్కిన చేతులకూ మందు నడక ఒక్కటే కాదు. కండకు పని పెట్టాలి. కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, మణికట్టు మానాక చెరొక చేతిలో చిన్న నీళ్ళ సీసా పట్టుకుని ఎత్తడం రోజూ చేయించండి. ఎముకల్లో జబ్బు ఎక్కడుందో డాక్టరును అడిగి, ఆ చోట బరువు పడకుండా చూసుకోండి. ఈ ఇంజెక్షను మీద వున్నవాళ్ళకు మధుమేహం, గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది కనుక చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్ పరీక్షలు మానవద్దు. బీడీ, సిగరెట్టు వుంటే ఈ రోజే ఆపించాలి. నీరసానికి రక్తహీనత కూడా ఒక కారణం, హీమోగ్లోబిన్ చూపించండి. వాకిట్లో జారకుండా నీళ్ళ తొట్టి పక్కకు జరిపించి, రాత్రిపూట ఒక చిన్న బల్బు వెలిగేట్టు చూడండి.

ప్రశ్న: మా మామగారికి ప్రోస్టేట్ వాచింది, కాన్సర్ కాదు అన్నారు. ఫినాస్టరైడ్ మాత్ర ఏడాదిగా వాడుతున్నారు. ఇది కూడా హార్మోను ఆపే మందేనట కదా, అంటే కాన్సర్‌ను మా దగ్గర దాచారా? పి.ఎస్.ఎ. 3 వచ్చింది, మంచిదే అనుకుంటున్నాం. ఆయన మింగలేకపోతే మాత్ర పొడి చేసి ఇస్తున్నాను. నాకు నాలుగో నెల.
— ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూలు

జవాబు: మీ దగ్గర ఏమీ దాచలేదు. వయసుతో వచ్చే మామూలు వాపు వేరు, కాన్సర్ వేరు. వాపు ముదిరి కాన్సర్‌గా మారదు. రెండూ ఒకే మనిషిలో వుండవచ్చు, అంతే. ఫినాస్టరైడ్ టెస్టోస్టెరోన్‌ను ఆపదు. ప్రోస్టేట్ లోపల అది మరింత బలమైన రూపంలోకి మారకుండా మాత్రమే ఆపుతుంది. దాంతో గ్రంథి నెమ్మదిగా కుంచించుకుంటుంది. కాన్సర్‌కు వాడే ఇంజెక్షనుకు ఇది బదులు కాదు.

అయితే ఆ 3 చూసి సంతోషించకండి. ఈ మాత్ర ఆరు నెలలు, ఏడాది వాడితే పి.ఎస్.ఎ. సుమారు సగానికి పడిపోతుంది. కనుక వచ్చిన అంకెను రెట్టింపు చేసి చదవాలి. మీ మామగారిది 3 కాదు, 6 కింద లెక్క. 4 దాటితే చాలామంది డాక్టర్లు ఆలోచిస్తారు. అది కాన్సరేనని నేననడం లేదు, వాపుకు కూడా పెరుగుతుంది. మాత్ర మొదలుపెట్టక ముందు ఎంత వుందో ఆ పాత కాగితం వెతికి రెండూ కలిపి మూత్రవ్యాధుల డాక్టరుకు చూపించండి. పరీక్ష రాసే ప్రతి డాక్టరుకూ ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పండి.

ఇక మీరు ఆ మాత్రను ముట్టుకోవడం ఇవాళ్టి నుంచి మానండి. పొడి చేసిన, విరిగిన ఫినాస్టరైడ్ గర్భిణులు తాకకూడదు. ఒంట్లోకి పోతే కడుపులో వున్నది మగబిడ్డ అయితే జననాంగాల ఎదుగుదల దెబ్బతినవచ్చు. ఇప్పటిదాకా పొడి చేసిన సంగతి మీ ప్రసవ డాక్టరుకు చెప్పండి, కంగారు పడవద్దు. మాత్రకు పైన పూత వుంటుంది, అది చెదరకపోతే భయం లేదు. మీ అత్తగారినో మీవారినో మాత్ర ఇవ్వమనండి. పొడి చేసిన గిన్నె, చెంచా విడిగా కడిగి పక్కన పెట్టించండి. మింగలేకపోవడానికి వేరే దారి ఏదైనా వుందేమో డాక్టరునే అడగండి.